వీడుకోలు వేళ సొంత కుట్టు

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో పదో తరగతి గానీ ఇంటర్మీడియట్ గానీ ముగించబోతున్న ఆడపిల్లలకు జనవరి, ఫిబ్రవరి నెలలు పాఠాల పునశ్చరణతో పాటు బట్టల ఆలోచనతోనూ గడుస్తాయి. విద్యార్థులే ఉపాధ్యాయులై బడిని నడిపే స్వపరిపాలన దినోత్సవానికి చీర కావాలి. కింది తరగతివారు పై తరగతివారికి ఏర్పాటు చేసే వీడుకోలు సభకు లంగా వోణి గానీ, నేల జీరాడే పొడవైన గౌను గానీ కావాలి. ఏళ్ల తరబడి ఒకే రంగు యూనిఫాంలో ఒకరినొకరు చూసుకున్న పిల్లలు ఆ ఒక్క రోజు తమకు నచ్చిన రంగులో, నచ్చిన తీరులో కనబడాలని కోరుకోవడం సహజమే. ఆ కోరికను తేలిక చేసి మాట్లాడే పెద్దలు, తన ఒంటిమీది బట్ట గురించి తానే నిర్ణయించుకునే అవకాశం చాలామంది అమ్మాయిలకు మొదటిసారిగా దొరికేది అప్పుడేనన్న సంగతిని మరచిపోతారు.

ఆ నిర్ణయం ఆచరణలో ఎక్కువగా దర్జీ దుకాణం గడప దగ్గరే ఆగిపోతుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో మొదలవుతాయి కనుక వీడుకోలు సభలు చాలావరకు మాఘమాసానికి అటూ ఇటూగా పడతాయి. మాఘం పెళ్లిళ్ల కాలం. పెళ్లికూతుళ్ల జాకెట్లతోనూ, చెక్క చట్రానికి గుడ్డను బిగించి కొక్కెం సూదితో జరీ, పూసలు, చమ్కీలు కూర్చే మగ్గం వర్క్‌తోనూ చేతినిండా పని ఉన్న దర్జీ దగ్గర పదహారేళ్ల అమ్మాయి జాకెట్టు వరుసలో చివరికి పోతుంది. అది సభకు ముందురోజు చేతికొచ్చి చంక దగ్గర పట్టేస్తే సరిచేయించుకునే వ్యవధి ఉండదు. జగిత్యాల టవర్ సర్కిల్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే రెడీమేడ్ లెహంగాలు ఈ తొందరకు ఒక పరిష్కారమే అయినా, అవి సగటు కొలతలకు కుట్టినవి. ధర పెరిగేకొద్దీ గుడ్డ నాణ్యత కన్నా తళుకే ఎక్కువగా పెరుగుతుంది.

బట్టతో ఇంత దగ్గరి సంబంధం ఉన్న నేల మీద ఈ ఇబ్బంది తలెత్తడమే ఆలోచించవలసిన విషయం. సిరిసిల్ల మరమగ్గాల, అంటే విద్యుత్తుతో నడిచే మగ్గాల పట్టణం. పద్మశాలి కుటుంబాల చేమగ్గాల స్థానంలో క్రమంగా మరమగ్గాలు వచ్చాయి. పని దొరకని కాలంలో ఇక్కడి నేతగాళ్లు భీవండికి, సూరత్‌కు వలస వెళ్లారు. అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నవారి కుటుంబాలు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకానికి ఏటా దాదాపు కోటి చీరలు అవసరం కావడంతో మగ్గాలకు ఊపు వచ్చింది, ఆ పథకం నిలిచిపోయినప్పుడు పని మళ్లీ పలచబడింది. ప్రభుత్వ బడుల యూనిఫాం గుడ్డ కూడా ఈ మగ్గాల మీద నేస్తారు. నేతకు కొంత గుర్తింపు దక్కింది: జి-20 చిహ్నాన్ని చేత్తో నేసి పంపిన ఇక్కడి నేతగాడు వెల్ది హరిప్రసాద్ గురించి 2022 నవంబరులో ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. కుట్టుకు అలాంటి గుర్తింపు లేదు. చీర లోపల కట్టుకునే కాటన్ లంగాలను ఇంటి వసారాల్లో మిషన్ ముందు కూర్చుని లెక్కకు ఇంతని కుట్టే స్త్రీలు ఈ పట్టణంలో ఎందరో ఉన్నా, వాళ్ల పనిని ఇంటిపనికి కొసరుగానే చూడడం అలవాటైపోయింది.

2024 నుంచి ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించి, జతకు ఇచ్చే కుట్టుకూలిని 50 రూపాయల నుంచి 75 రూపాయలకు పెంచారు. దానివల్ల ఈ మూడు పట్టణాల్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒక కొత్త స్థితి ఏర్పడింది: పిల్ల బడికి వేసుకుపోయే చొక్కా గుడ్డ పక్క ఊరి మగ్గం మీద నేసినది, కుట్టు తన వాడకట్టు స్త్రీలదే, ఒక్కోసారి తన తల్లిదే. కోరుట్లలో, జగిత్యాల పల్లెల్లో ఇంటి కుట్టుకు మరో కారణం కూడా ఉంది. ఇక్కడి పేద స్త్రీలకు తరాలుగా దొరికిన పని బీడీలు చుట్టడం. ఒడిలో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు నింపి చుట్టి, వెయ్యికి ఇంతని కూలి తీసుకునే ఆ పనిలో మెడ, నడుము నొప్పులు, తంబాకు దుమ్ము తప్పవు. భర్తలు గల్ఫ్ దేశాలకు వలసపోయిన ఇళ్లలో ఆ బీడీల కూలియే నెలనెలా ఆసరా. బీడీల చాట నుంచి కుట్టుమిషన్‌కు మారిన స్త్రీ ఒక మెట్టు పైకెక్కినట్లే భావిస్తుంది, అది సబబే.

ఇన్ని మిషన్ల మధ్య పెరిగిన అమ్మాయి తన వీడుకోలు లంగాను తాను ఎందుకు కుట్టుకోదు? తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కుట్టడం వేరు, కత్తిరించడం వేరు. తల్లి పక్కన కూర్చుని గుండీలు కుట్టడం, హుక్కులు వేయడం, కాజాలు తీయడం, చీరకు ఫాల్ వేయడం చాలామంది పిల్లలకు వచ్చు. కత్తెర మాత్రం తల్లి చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే తప్పుగా పడిన కుట్టును విప్పవచ్చు గానీ తప్పుగా తెగిన గుడ్డను అతకలేము. దుస్తుల కర్మాగారాల్లో ఈ విభజన ఇంకా బిగుసుకుంటుంది: ఒకరు కాలరు, ఒకరు చేయి, ఒకరు పక్కకుట్టు మాత్రమే వేసే గొలుసుకట్టు పద్ధతిలో ఏళ్ల తరబడి పనిచేసిన స్త్రీకి కూడా ఒక చొక్కా మొత్తం కత్తిరించడం రాకపోవచ్చు. అందుకే వీడుకోలు దుస్తును మొదటి కొలత నుంచి చివరి అంచు మడత వరకు ఒకే అమ్మాయి చేయడంలో విలువ ఉంది. ఆమె పనిలో ఒక ముక్కను కాక పనినంతటినీ నేర్చుకుంటుంది.

పొడవైన గౌనుకూ లంగాకూ ఇప్పుడు పిల్లలు ఎక్కువగా ఇష్టపడే గొడుగు కటింగ్‌ను, అంటే గుడ్డను పూర్తి వృత్తంగా కత్తిరించే పద్ధతిని తీసుకుంటే, అందులో ఉన్నదంతా చిన్న తరగతుల్లోనే నేర్చుకున్న వృత్త పరిధి సూత్రం. నడుము కొలత 28 అంగుళాలు అయితే దాన్ని 6.28తో భాగించగా వచ్చే దాదాపు నాలుగున్నర అంగుళాలు లోపలి వృత్తపు వ్యాసార్ధం. లంగా పొడవు 38 అంగుళాలు కావాలంటే వెలుపలి వృత్తపు వ్యాసార్ధం 42.5 అంగుళాలు, పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 44 అంగుళాలు ఉన్న గుడ్డ మీద ఇది ఒక అర్ధవృత్తంగా సరిగ్గా ఇముడుతుంది, కొసన అంగుళంన్నర మడతకు మిగులుతుంది. ఒక్కో అర్ధవృత్తానికి 85 అంగుళాల చొప్పున రెండింటికి 170 అంగుళాలు, పక్కకుట్లతో కలిపి నాలుగున్నర మీటర్లకు లోపే గుడ్డ సరిపోతుంది. నడుము దగ్గర మాత్రం నాలుగు అంగుళాలకే కత్తిరించాలి. కుట్టులోకి అరంగుళం పోగా కావలసిన కొలత వస్తుంది, చాలకపోతే ఇంకాస్త కత్తిరించుకోవచ్చు గానీ పెద్దదైన వృత్తాన్ని చిన్నది చేయలేము. కుట్టిన వెంటనే అంచు మడవకూడదన్నది ఈ పనిలో అనుభవం నేర్పే పాఠం: వృత్తంగా తెగిన గుడ్డలో కొన్నిచోట్ల నూలు నిలువుగానూ, కొన్నిచోట్ల ఏటవాలుగానూ వేలాడుతుంది, ఏటవాలు భాగం తన బరువుకు సాగి కిందికి జారుతుంది. లంగాను ఒక రాత్రంతా కొక్కేనికి తగిలించి, సాగవలసింది సాగాక, మరునాడు నేల నుంచి చుట్టూ సమానంగా కొలిచి అంచు సరిచేయాలి. గణితం పుస్తకంలో కాగితం మీద గీసిన వృత్తానికి ఈ బరువు ఉండదు. సూత్రానికీ వస్తువుకూ మధ్య ఉన్న తేడాను ఒక అమ్మాయి తన చేతులతో తెలుసుకునే సందర్భాలు బడిలో చాలా తక్కువ, అందుకే ఇది అంత విలువైనది.

పట్టు చీర అంచుతో లంగా కావాలంటే గొడుగు కటింగ్ పనికిరాదు, వృత్తంగా కత్తిరిస్తే అంచు ముక్కలైపోతుంది. అమ్మ పాత చీర నుంచి లంగా తీసేటప్పుడు చీర పొడవునే నడుము చుట్టుకొలతగా మార్చుకుని, మూడు మూడున్నర మీటర్ల గుడ్డను నడుము దగ్గర కుచ్చిళ్లుగా పోసి, కింది అంచును అలాగే నిలుపుకోవాలి. పైన మిగిలే రెండో అంచును కోసి జాకెట్టు చేతులకు వేస్తే లంగాకూ జాకెట్టుకూ పొత్తు కుదురుతుంది. బీరువా అడుగున ఏళ్లుగా మడతలో ఉన్న పెళ్లినాటి చీర మీద కత్తెర పెట్టడానికి తల్లి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మడతల దగ్గర జరీ చిట్లకముందే దాన్ని వాడుకలోకి తేవడం చీరకూ మేలు.

అసలు కష్టం జాకెట్టులో ఉంది. మన ఊళ్లలో దర్జీకి ఇచ్చే ఆది జాకెట్టు, అంటే కొలతకు నమూనాగా ఇచ్చే పాత జాకెట్టు, ఎదిగే పిల్ల విషయంలో నిరుటి ఒంటి కొలతే చెబుతుంది. అందువల్ల భుజం, ఛాతీ, నడుము, చంక చుట్టు, చేయి పొడవు, మెడ లోతు ఒంటిమీదే కొలిచి, ముందుగా పాత వార్తాపత్రిక మీద గీసి కత్తిరించడం మంచిది. కుట్టు నేర్పే కేంద్రాల్లో దీన్ని పేపర్ కటింగ్ అంటారు. కొలతల వారీగా కాగితపు నమూనాలు తయారుచేసి అమ్మే వ్యాపారాన్ని 1863లో అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ మొదలుపెట్టాడు, ఇంటి కుట్టు లక్షల మందికి అందుబాటులోకి రావడానికి మిషన్ ఎంత కారణమో ఆ కాగితమూ అంతే కారణం. పైగుడ్డ పాలిస్టరు, లోపలి లైనింగ్ కాటన్ అయినప్పుడు లైనింగ్‌ను ముందే నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి; లేకుంటే మొదటి ఉతుకులోనే కాటన్ కుంచించుకుని పైగుడ్డ ముడతలు పడుతుంది. పలుచని జార్జెట్‌కు మామూలు 14వ నంబరు సూది కాక 11వ నంబరు సూది వాడాలి. చేతిని చంకలో కూర్చే ముందు కచ్చాకుట్టు, అంటే తరువాత లాగేసే వదులు కుట్టు, వేసి ఒకసారి తొడుక్కుని చేయి పైకెత్తి చూసుకోవాలి. ఆ ఒక్క పరీక్ష దర్జీ దుకాణంలో పెళ్లిళ్ల కాలంలో ఎవరికీ జరగదు, సొంత కుట్టులో మాత్రం ఎన్నిసార్లయినా జరుపుకోవచ్చు.

బడి ముగింపు దుస్తును పిల్లలే కుట్టుకోవడం లోకంలో కొత్త కాదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికాలోని అనేక ఉన్నత పాఠశాలల్లో చదువు ముగింపు వేడుకకు ఖరీదైన బట్టల పోటీ పెరిగి, పేద కుటుంబాలు ఆ రోజుకు భయపడే స్థితి వచ్చినప్పుడు, ఖర్చుకు ఒక పరిమితి పెట్టి, తెల్లని సాదా కాటన్ గౌనును గృహవిజ్ఞాన తరగతిలోనే అమ్మాయిలచేత కుట్టించారు. సమానత్వం కోసం పుట్టిన ఆ ఏర్పాటు పక్కనే పనితనానికీ చోటు కల్పించింది. మన దేశంలో యంత్రాలను గట్టిగా విమర్శించిన గాంధీజీ కూడా 1924 నాటి ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషన్‌ను మినహాయింపుగా పేర్కొన్నారు. 1937లో వార్ధాలో ఆయన ప్రతిపాదించిన నయీ తాలీమ్, అంటే చేతివృత్తి ద్వారా చదువు, తరువాత సామాజిక ప్రయోజనకర ఉత్పాదక పని అనే పేరుతో బడి కాలపట్టికలో ఒక గంటగా మిగిలింది. పదో తరగతిలో ఆ గంటను గణితమో భౌతికశాస్త్రమో తీసుకోవడం మామూలైపోయింది. టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ గ్రేడ్ సాంకేతిక పరీక్షలను ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహిస్తూనే ఉన్నా, వాటిని ఉపాధి కోసం రాసేవారి పరీక్షగానే చూస్తారు తప్ప బడి చదువులో భాగంగా చూడరు.

2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఈ సొంత కుట్టు అవసరం అన్నిచోట్లకన్నా ఎక్కువ. అక్కడి పిల్లలు తల్లికి, ఇంటి మిషన్‌కు దూరంగా వసతిలో ఉండి చదువుతారు. వీడుకోలు రోజున ఇంటినుంచి బట్టలు తెప్పించుకోగలిగినవారికీ, లేనివారికీ మధ్య తేడా ఒకే గదిలో కళ్లకు కడుతుంది. నాలుగు మిషన్లు, నేర్పే ఒక స్త్రీ, మగ్గాల దగ్గర నుంచి నేరుగా కొన్న గుడ్డ ఉంటే డిసెంబరులో కొలతలు, కాగితపు కటింగ్ ముగించి, గుడ్డ మీద కత్తెర పెట్టి, సంక్రాంతి సెలవులయ్యాక రెండు మూడు వారాల సాయంత్రాల్లో కుట్టు పూర్తిచేయవచ్చు. ఫిబ్రవరి చాలావరకు చదువుకే మిగులుతుంది. పరీక్షల సాకు ఇక్కడ నిలవదు. యూనిఫాం కుట్టిన సంఘాల స్త్రీలనే గౌరవ వేతనంతో నేర్పడానికి పిలిస్తే, జతకు 75 రూపాయల కూలికి పరిమితమైన వాళ్ల నేర్పు బడిలో గురువు స్థానానికి వస్తుంది. మగపిల్లలను ఇందులోంచి మినహాయించడానికి కారణమేమీ లేదు. నిలువు కోతల కుర్తా ఈ దుస్తులన్నిటిలోకీ తేలిక, ఈ పట్టణాల్లో ప్యాంటు, చొక్కా కుట్టే దర్జీలు ఎక్కువగా మగవారే.

సొంతంగా కుట్టుకున్న జాకెట్టుకు పక్కకుట్ల లోపల అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదిలిపెట్టే స్వేచ్ఛ కూడా ఉంటుంది. అమ్మకానికి కుట్టే రెడీమేడ్ బట్టల్లో ఖర్చు తగ్గించడానికి ఆ గుడ్డను మిగల్చరు. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో డిగ్రీలో చేరిన అమ్మాయి బతుకమ్మ పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఒళ్లు మారి ఉంటే, పాత కుట్టు విప్పి లోపలి గుడ్డను వదులు చేసి మళ్లీ కుట్టుకోవడానికి గంట పని. ఎక్కడ ఎంత వదిలిందో ఆమెకు తెలుసు కాబట్టి దానికి దర్జీ అవసరం లేదు.