యంత్రము నాపకయే కెర్నెలు మార్చుట

కంప్యూటరు మీట నొక్కినది మొదలు అది పనికి సిద్ధమగువరకు కొంత కాలము పట్టును. ఇంటిలోని చిన్న యంత్రమునకు ఇది కొద్ది సెకండ్ల పని. కాని బాంకులు, పరిశోధనాలయములు వాడు పెద్ద సర్వరు యంత్రములకు పలు నిమిషములు పట్టవచ్చును. అంతసేపు వాటిపై ఆధారపడిన పనులన్నియు నిలిచిపోవును. యంత్రము నార్పి వెలిగింపకయే, నడచుచున్న నిర్వాహక వ్యవస్థ స్థానమున మరియొక దానిని నిలుపుట సాధ్యమా? సాధ్యమే. లినక్స్ వ్యవస్థలో ఈ పద్ధతికి 'కెగ్జెక్' అని పేరు.

కెర్నెలు అనగా నేమి?

'కెర్నెలు' అను మాటకు గింజలోని పప్పు అని అర్థము. వాడుకరి ఆజ్ఞల నందుకొను పైభాగమునకు 'షెల్', అనగా పెంకు, అని పేరు. పెంకు క్రింద పప్పువలె నిర్వాహక వ్యవస్థ నడుమ నుండునది కెర్నెలు. స్మృతిని ఏ ప్రోగ్రామునకు ఎంత పంచవలెనో, ప్రాసెసరు ఎవరి పనిని ఎప్పుడు చేయవలెనో, డిస్కుతోను తెరతోను ఎట్లు మాటాడవలెనో నిర్ణయించునది ఇదియే. ఇతర ప్రోగ్రాములన్నియు దీని అనుమతితోనే నడచును. కావున ఒక ప్రోగ్రామును మార్చుట సులభము. అందరికిని ఆధారమైన కెర్నెలును మార్చుట కష్టము.

యంత్రము మేల్కొను క్రమము

విద్యుత్తు అందినంతనే ప్రాసెసరు ముందుగా నిర్ణయింపబడిన ఒక చిరునామా నుండి తొలి ఆదేశమును తెచ్చుకొనును. ఇంటెల్ 80386, దాని సంతతి ప్రాసెసర్లలో ఈ చోటు 4 గిగాబైట్ల పరిధి కొనకు సరిగా 16 బైట్లు దిగువన నుండును. అచట ఫర్మ్‌వేర్ అను స్థిరమైన ప్రోగ్రాము కలదు. అది స్మృతిని, పరికరములను ఒక్కొక్కటిగా పరీక్షించి సిద్ధపరచును. పెద్ద సర్వరులో స్మృతియు పరికరములును హెచ్చు కాబట్టి కాలములో అధిక భాగము ఇచటనే ఖర్చగును. పిమ్మట బూట్ లోడరు వచ్చి, కెర్నెలును డిస్కు నుండి స్మృతిలోనికి చేర్చి, దాని తొలి ఆదేశమునకు అధికారము నప్పగించును.

ఈ చివరి పనిని పరిశీలించినచో రహస్యము బోధపడును. కొన్ని బైట్లను తగిన చోట నుంచుట, అచటికి దుముకుట — బూట్ లోడరు చేయునది ముఖ్యముగా ఇంతియే. ఇది నడచుచున్న కెర్నెలునకు మాత్రము చేతకాని పనియా? ఈ ఆలోచనయే కెగ్జెక్‌నకు మూలము. ఎరిక్ బీడర్మన్ రచించిన ఈ సదుపాయము 2005 ఆగస్టులో వెలువడిన లినక్స్ 2.6.13 లో చేరినది.

పరకాయ ప్రవేశమున జీవుడు తన దేహమును విడిచి మరియొక దేహమున ప్రవేశించునని కథలలో వినుచున్నాము. ఇచట అందుకు విపర్యయము. దేహము అదియే, అందు జీవుడు మారును.

మార్పిడి జరుగు విధము

మొదటి దశ చేర్పు. క్రొత్త కెర్నెలు డిస్కు నుండి స్మృతిలోనికి తేబడును. అయితే అది చివరకు నిలువవలసిన చోట పాత కెర్నెలే కాపురముండవచ్చును. కావున అప్పటికి దానిని ఖాళీగానున్న పుటలలో చెదురుగా దాచుదురు. ఇంటెల్ తరగతి యంత్రములలో ఒక్కొక్క పుట సాధారణముగ 4096 బైట్లు. ఏ పుట ఎచటికి చేరవలెనో తెలుపు పట్టికయు సిద్ధమగును. ఇంతవరకు యంత్రము తన పనులు తాను చేసికొనుచునే యుండును.

రెండవ దశ విరమణ. ప్రోగ్రాములు మూయబడును, దస్త్రములు డిస్కుపై వ్రాయబడును, పరికరములు ఆపబడును. ప్రాసెసర్లు పెక్కు ఉన్నచో ఒక్కటి తప్ప తక్కినవి నిలుపబడును.

మూడవ దశ అత్యంత సున్నితము. క్రొత్త పుటలను స్వస్థానములకు చేర్చగా పాత కెర్నెలు చెరిగిపోవును. చేర్చు ఆదేశములే ఆ పాత భాగములో నున్నచో, కూర్చున్న కొమ్మను నరుకుకొన్నట్లగును. అందుచే ఆ చిన్న ఆదేశముల గుంపును, క్రొత్త కెర్నెలు ఎన్నడును ఆక్రమింపని ఒక ప్రత్యేకపుటలో ముందే ఉంతురు. అది పుటలన్నింటిని సర్దును. ఆ తరువాత మరియొక చిన్న ప్రోగ్రాము, చేరిన బైట్లలో మార్పు రాలేదని గణితముద్రతో సరిచూచి, క్రొత్త కెర్నెలునకు దారి విడుచును. ఫర్మ్‌వేర్ పరీక్షలు మరల జరుగవు. ఆ కాలమంతయు మిగులును.

అయితే ఒక భ్రమ కలుగరాదు. మారునది కెర్నెలు మాత్రమే కాదు. దానిపై నడచిన ప్రోగ్రాములన్నియు అంతరించి, మరల మొదటినుండి ప్రారంభింపవలసియుండును.

కూలిన యంత్రమునకు సాక్షి

ఈ పద్ధతి యొక్క గొప్ప ప్రయోజనము వేరొకటి కలదు. కెర్నెలులో తీవ్రమైన దోషము సంభవించినపుడు యంత్రము స్తంభించును. కారణము స్మృతిలోనే యుండును; కాని యంత్రము నార్పిన అది నశించును. ఆ స్మృతిని డిస్కునకు వ్రాయుమని కూలిన కెర్నెలునే కోరుటయు క్షేమము కాదు. చెడినది దాని వివేకమే కదా! అది మంచి దస్త్రములపైననే వ్రాసి పాడుచేయవచ్చును.

2.6.13 లోనే చేరిన 'కెడంప్' దీనికి పరిష్కారము. యంత్రము మొదలగునపుడే స్మృతిలో కొంత భాగము ప్రత్యేకింపబడును. అందు రెండవ కెర్నెలు ముందే చేర్చి ఉంచబడును. 64 గిగాబైట్ల యంత్రములో 256 మెగాబైట్లు కేటాయించినచో, అది మొత్తములో 256 వ వంతు మాత్రమే. మొదటిది కూలినంతనే అధికారము దీనికి సంక్రమించును. ఇది తన చోటనే నిలిచి పనిచేయును గనుక పుటలు సర్దనక్కరలేదు. పాత స్మృతి చాలవరకు చెక్కుచెదరదు. దానిని ఒక దస్త్రముగ భద్రపరచిన పిదప, యంత్రము మామూలు రీతిని పునఃప్రారంభమగును. నిపుణులు ఆ దస్త్రమును శోధించి దోషమును కనుగొందురు.

ఇచట మరియొక సూక్ష్మము కలదు. నెట్‌వర్కు కార్డువంటి పరికరములు ప్రాసెసరు జోక్యము లేకయే స్మృతిలో వ్రాయగలవు. కెర్నెలు కూలిన సంగతి వాటికి తెలియదు. పాత ఆజ్ఞ ప్రకారము వ్రాయుచునే యుండును. ప్రత్యేకింపబడిన భాగమును పాత కెర్నెలు ఏ పరికరమునకును ఇచ్చియుండలేదు కాబట్టి రెండవ కెర్నెలు సురక్షితముగ నుండును.

ఇబ్బందులు, ఇతర ఉపయోగములు

విద్యుత్తు ఆగనందున పరికరములు తొలిస్థితికి పూర్తిగా రాకపోవచ్చును. అట్టి పరికరమును గుర్తింపలేక క్రొత్త కెర్నెలు తడబడుటయు కలదు. భద్రత ఇంకొక సమస్య. యంత్రము ఆరంభమున నమ్మకమైన కెర్నెలునే అనుమతించినను, తరువాత కెగ్జెక్ ద్వారా ఎవరైన వంచకమైన కెర్నెలును ప్రవేశపెట్టిన ఆ జాగ్రత్త వ్యర్థము. అందుచే 2014 లో వచ్చిన లినక్స్ 3.17 నుండి, చేర్చబడు కెర్నెలుపై సంతకమును పరీక్షించుటకు వీలు కలిగినది.

ఇదే పద్ధతిని బూట్ లోడరునకు మారుగ వాడుటయు కలదు. ఐ.బి.ఎం. పవర్ తరగతి సర్వర్లలో వాడబడిన 'పెటిట్‌బూట్' నిజమునకు ఒక చిన్న లినక్స్‌పై నడచు ప్రోగ్రాము. వాడుకరి కోరిన కెర్నెలును అది వెదకి తెచ్చును. కెగ్జెక్ ద్వారా దానికి చోటిచ్చి తాను తొలగిపోవును.

కెర్నెలు ఎంత శక్తిమంతమైనను, ప్రాసెసరు దృష్టిలో అదియు స్మృతిలోని బైట్ల వరుసయే. ఏ చిరునామా చూపిన అచటి ఆదేశమును ప్రాసెసరు పాటించును. ఆదేశములను గూడ అంకెలవలె స్మృతిలోనే నిలువచేయుట ఆధునిక కంప్యూటరునకు మూలసూత్రము. ఒక కెర్నెలు తన వారసుని తానే ప్రతిష్ఠించి తప్పుకొనగలుగుట ఆ సూత్రముయొక్క ఫలితమే.