సంఘం కంప్యూటర్‌కూ సొంత విత్తనం ఉంది

రైతు ఉత్పత్తిదారుల సంఘం పెట్టగానే ముందు కొనేది బీరువా, ఆ తరువాత కంప్యూటర్. సభ్యుల వాటా ధనం, ఎరువుల స్టాకు, ధాన్యం కొనుగోలు, జి.ఎస్.టి. లెక్క అన్నీ దాన్లోకే పోతాయి. అమ్మినాయన ‘అన్నీ వేసిచ్చాను’ అంటాడు. వేసినవాటికి లైసెన్సు ఉందా అని అడిగేవారు తక్కువ. దొంగ కాపీ అని తెలిసి వాడటం కాపీరైట్ చట్టం కింద నేరం. అంతకంటే పెద్ద భయం, ఒకనాడు వైరస్ పడితే మూడేళ్ల లెక్కలు పోవడం.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. మరి బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పారేసి కొత్తది కొనాలా? అక్కర్లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే దారి ఒకటుంది.

రైతుకు దీన్ని విత్తనంతో చెబితే తేలిక. హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాల్సిందే. నాటు విత్తనమైతే దాచుకోవచ్చు, పక్కింటాయనకు ఇవ్వచ్చు, మంచి కంకులు ఎంచి మెరుగుపరచుకోవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రెండో రకం. వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పని మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ ఇచ్చాడు. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే ఉచితమా, స్వేచ్ఛా అన్న తికమక ఉంది. మనకు రెంటికీ వేరే మాటలున్నాయి. తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసిన హైదరాబాద్ బృందం తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది.

విచిత్రమేమంటే, ఈ ఆలోచనను విత్తనంవాళ్లు తిరిగి అరువు తెచ్చుకున్నారు. 2012లో అమెరికా విస్కాన్సిన్‌లో ఓపెన్ సోర్స్ విత్తన ఉద్యమం మొదలైంది. 2017లో జర్మనీలో ‘సన్‌వివా’ అనే టమాటాను అలాంటి లైసెన్సు కిందే విడుదల చేశారు. మన దగ్గర సికింద్రాబాద్‌లో, చిలకలగూడ చౌరస్తాకు మూడు నాలుగు కిలోమీటర్లలో ఉన్న తార్నాక చిరునామాతో పనిచేస్తూ వచ్చిన సుస్థిర వ్యవసాయ కేంద్రం ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది. అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. బ్రాండు పేరు లేకుండా విత్తనం దాచుకోవడానికి, పంచుకోవడానికి, అమ్ముకోవడానికి 2001 చట్టం రైతుకు హక్కు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి చట్టం లేదు. లైసెన్సు కాగితం ఎంత ఇస్తే అంతే హక్కు.

ఇక మారడం ఎలా? అన్నీ ఒక్కరోజున మార్చిన సంఘం తంటాలు పడుతుంది. ముందు ఉన్న విండోస్‌లోనే లిబ్రేఆఫీస్ వేసుకోండి. ఉత్తరాలు, జాబితాలు, కూలి పట్టీలు దాన్లో చేయండి. చేయి తిరిగాక లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. పాతది చెరిపేయకుండానే పరీక్షించవచ్చు. ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది. టోకెన్ మొరాయిస్తే ఆ పనికి ఒక విండోస్ కంప్యూటర్ ఉంచుకోవాలి.

అసలు కష్టం తెలుగు ఫాంట్ల దగ్గర వస్తుంది. పదేళ్ల కిందటి సభ్యుల జాబితా అను ఫాంట్‌లో టైపు చేసి ఉంటే, అది మన కంటికే తెలుగు. కంప్యూటర్ లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలే. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిరాతలు కనబడతాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి గాని, వత్తుల దగ్గర తప్పులు పోతాయి. రెడ్డెయ్య రెడయ్య అయితే బ్యాంకులో డబ్బు ఆగుతుంది. కాబట్టి ఒకరు పట్టాదారు పాసుపుస్తకం చూసి చదవాలి, ఇంకొకరు తెర మీద దిద్దాలి. వెయ్యి మంది సభ్యులుంటే ఇది రోజుల పని. ఈ ఖర్చు ముందే రాసుకోండి. ఫాంట్లకు మాత్రం పైసా అక్కర్లేదు. మండలి, రామభద్ర, గురజాడ, పొన్నాల వంటివి స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతాయి.

ఖాతాలను చివరికి వదిలేయండి. ఆడిటర్ టాలీ అడుగుతాడు. డబ్బిచ్చి కొన్న టాలీ ఉంటే ఉంచుకోండి, ఇదేం మతం కాదు! మారదలిస్తే ముంబైలో పుట్టిన ఇ.ఆర్.పి.నెక్స్ట్ ఉంది, ఏప్రిల్ 1న మొదలుపెట్టడం మంచిది. పొలం సర్వేలకు కోబోటూల్‌బాక్స్ పనికొస్తుంది. సిగ్నల్ లేని చోట ఫోన్‌లో నింపుకొని, ఊళ్లోకి వచ్చాక పంపవచ్చు. వాటర్‌షెడ్ పటాలకు క్యూజిఐఎస్ ఉంది.

‘చెడిపోతే ఎవరిని అడగాలి?’ అంటారు. న్యాయమైన ప్రశ్న. లైసెన్సుకు కట్టే డబ్బు మిగులుతుంది గాని, మనిషికి కట్టేది మిగలదు. కేరళ బడులు ఏనాడో ఈ దారికి వచ్చాయంటే, వేలాదిమంది టీచర్లకు తర్ఫీదు ఇచ్చారు కాబట్టే. కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన కార్యాలయాలకు ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించినా, మండల స్థాయిలో నేర్పేవారు కరువు. అందుకని రెండు మూడు సంఘాలు కలిసి ఒక కుర్రవాణ్ణి నెలజీతానికి పెట్టుకోవచ్చు. అతనితో కాగితం రాసుకునేటప్పుడు రెండు షరతులు పెట్టండి. పాస్‌వర్డ్‌లు సంఘం బీరువాలో ఉండాలి. ప్రతి శనివారం లెక్కల నకలు వేరే డిస్కులోకి తీసి, అది తెరుచుకుంటుందో లేదో కార్యదర్శి ఎదుట చూపించాలి.