బైపోలార్ జబ్బు పిల్లలకు కూడా వస్తుందా?

"సిస్టరమ్మా, మా ఆయనకీ జబ్బుంది. పిల్లలకి కూడా వస్తుందా?" మందుల చీటీ తీసుకుంటూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మమ్మల్ని మెల్లగా అడిగే ప్రశ్న ఇది.

కొన్నాళ్ళు నిద్ర అక్కరలేని హుషారు, అప్పులు చేసి మరీ ఖర్చులు. మరికొన్నాళ్ళు మంచం దిగనివ్వని దిగులు. బైపోలార్ జబ్బులో వంశపారంపర్యం పాత్ర ఎక్కువే. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే ఈ జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే, అలాంటి పిల్లల్లో నూటికి 5 నుంచి 10 మందికి వస్తుంది. అంటే 90 మందికో, ఇంకా ఎక్కువమందికో రాదు. ఈ రెండో మాట ఎవరూ చెవిన పెట్టరు! ఒకే పోలిక కవలల్లో సైతం ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవడం ఉంది. కారణం ఒక్క జన్యువు కాదు, ఎన్నో. 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన మన జన్యువుల్లో 64 చోట్ల దీని జాడ చూపింది. ఎవరికి వస్తుందో రక్తపరీక్షతో ముందే చెప్పే వీలు ఇప్పటికీ లేదు.

మమ్మల్ని కలవరపెట్టేది దాపరికం. సంబంధాలు తప్పిపోతాయని మేనమామ జబ్బు సంగతి డాక్టరుగారి దగ్గర కూడా దాస్తారు. దిగులుతో వచ్చిన అమ్మాయికి ఒట్టి డిప్రెషన్ మాత్రలే ఇస్తే, బైపోలార్ ఉన్న కొందరిలో అవి ఉన్మాదాన్ని రేపవచ్చు. ఇంటి సంగతి తెలిస్తే డాక్టరుగారు మందు ఆచితూచి రాస్తారు.

అలాంటి ఇంట్లో పిల్లవాడు వరసగా కొన్ని రోజులు రెండు మూడు గంటలే నిద్రపోయి, అలసట లేకుండా తిరుగుతుంటే, పరీక్షలయ్యాక చూద్దామనుకోకుండా వెంటనే తీసుకురండి.