మనసు గాయమూ మన సమస్యే

కారంచేడు (1985 జూలై 17) గురించి మనం చాలా రాశాం. చుండూరు (1991 ఆగస్టు 6) గురించి చాలా రాశాం. ఎంతమందిని చంపారు, ఎవరు చంపారు, పోలీసులు ఎటువైపు నిలబడ్డారు, కోర్టులు ఏమన్నాయి అని లెక్కలు కట్టాం. చావు తప్పి మిగిలినవాళ్ళ నిద్ర గురించి మాత్రం రాసింది తక్కువ. పొద్దు గుంకితే తలుపు గడియ పదిసార్లు చూసుకునే తల్లి గురించి, నలుగురు మగాళ్ళు గట్టిగా మాట్లాడితే మంచం కిందికి దూరే పిల్లవాడి గురించి మాట్లాడింది ఇంకా తక్కువ. ముందు తిండి, భూమి, కేసు; మనసు తర్వాత అనుకున్నాం. ఈ వరస సరికాదని మా అభిప్రాయం. నిద్ర లేని మనిషి కోర్టులో సాక్ష్యం ఎట్లా చెబుతాడు?

మనవాళ్ళకు ఒక అనుమానం ఉంది. కౌన్సెలింగ్ అంటే సర్దుకుపొమ్మని చెప్పడమేగా, కోపాన్ని చల్లార్చడమేగా అని. ఆ అనుమానం ఉత్తది కాదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఉద్యమం దాన్ని వ్యవస్థ చేసిన హత్య అన్నది. 'డిప్రెషన్' అనే ఒక్క మాట కింద పాతిపెట్టడానికి ఒప్పుకోలేదు. మంచి పనే చేసింది. అయితే వ్యవస్థను బోనెక్కించడమూ, హాస్టల్ గదిలో నిద్రపట్టని పిల్లవాడి పక్కన కూర్చోవడమూ ఒకదానికొకటి అడ్డం కాదు. రెండూ మన పనులే.

ట్రామా అంటే

ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు ఒళ్ళు తనంతట తానే జాగ్రత్తపడుతుంది. గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి. ముప్పు పోయాక ఇదంతా సర్దుకోవాలి. కొందరిలో సర్దుకోదు. జరిగిపోయింది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. దీన్నే ట్రామా అంటున్నారు. మన ఇళ్ళల్లో దీనికి మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. పిల్లవాడు దడుసుకున్నాడంటాం, రంధి పెట్టుకున్నదంటాం.

అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో దీన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం దాని వెనక ఉంది. యుద్ధంలో సైనికుడికీ, ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషికీ తగిలే గాయం ఒకలాంటిదేనని 1992లో జూడిత్ హెర్మన్ అనే మనోవైద్యురాలు తన పుస్తకంలో చూపించింది. ఉద్యమాల అండ లేకపోతే ఈ గాయాన్ని లోకం మళ్ళీ మళ్ళీ మర్చిపోతుందన్నది ఆమె వాదన.

మన సంగతిలో తేడా ఒకటుంది. యుద్ధం ఎప్పుడో ముగుస్తుంది, కులం ముగియదు. 1901లో అంబేద్కర్ పదేళ్ళ పిల్లవాడు. తండ్రిని చూడటానికి అన్నతోనూ మిగతా పిల్లలతోనూ కోరేగావ్‌కు ఎడ్లబండి మీద బయల్దేరాడు. చేతిలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరు. రాత్రంతా అట్లాగే గడిచింది. ఆయన ముప్పై ఏళ్ళు దాటాక కూర్చుని ఆ రాత్రిని పూసగుచ్చినట్టు రాశారు. అక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అయినా అది గాయమే.

ఒక్కరితో

ట్రామాను ఎరిగిన థెరపీ 'నీలో లోపమేమిటి' అని అడగదు, 'నీ మీద ఏం జరిగింది' అని అడుగుతుంది. హెర్మన్ చెప్పిన వరస మూడు మెట్లు. మొదట భద్రత: ఉండే చోటు, నిద్ర, తిండి, ఒంటి మీద అదుపు. తర్వాత జరిగింది చెప్పుకోవడం, పోయినవాటికి ఏడవడం. చివర మళ్ళీ నలుగురిలో కలవడం. మొదటి మెట్టు దాటకుండా రెండోదానికి లాగకూడదు. దెబ్బ తగిలిన వెంటనే జరిగిందంతా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం మేలు చెయ్యదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

ఇక్కడ మనం మన వైపు చూసుకోవాలి. దాడి జరిగిన పల్లెకు నిజనిర్ధారణ కమిటీలు ఒకదాని వెనక ఒకటి పోతాయి. పొద్దున ఒక సంఘం, మధ్యాహ్నం ఒక పత్రిక, సాయంత్రం ఒక నాయకుడు. అదే తల్లిని అదే కథ మళ్ళీ చెప్పమంటారు. 'అమ్మా, ఇప్పుడు చెప్పాలనుందా, లేదంటే మళ్ళీ వస్తాం' అని అడిగేవాళ్ళు ఎంతమంది? మేమూ అడగలేదు.

కౌన్సెలర్ కులం సంగతి కూడా ఉంది. 'నాకు కులం పట్టింపు లేదమ్మా' అని మొదలుపెట్టే మనిషి ముందు దళిత విద్యార్థిని తన బాధ చెప్పుకోవడానికి ముందు కులం ఉందని రుజువు చెయ్యాల్సి వస్తుంది. ఫీజు కట్టి మళ్ళీ దెబ్బ తిన్నట్టే. కౌన్సెలర్ దళితుడే కావాలని మేం అనడం లేదు. తన కులం తనకు తెలిసినవాడై ఉండాలి.

గుంపుగా

కారంచేడు వాళ్ళు చీరాల చేరారు. చుండూరు వాళ్ళు తెనాలి చేరారు. ఆ శిబిరాల్లో వంటా, ఏడుపూ, పాటా, మీటింగూ అన్నీ ఒక్కచోటే సాగాయి. దాన్ని ఎవరూ థెరపీ అనలేదు గానీ, 'నాకొక్కడికే కాదు' అని తెలియడంలో ఉన్న మందు అక్కడ ఉంది. గ్రూప్ థెరపీ చేసేది ఆ పనినే కట్టుబాటుతో: కొద్దిమందే ఉండటం, ఒకే వేళకు కలవడం, విన్నది బయట చెప్పకపోవడం, మాట్లాడనంటే ఊరుకోవడం. ఆడవాళ్ళకు వేరే గుంపు కావాలి. మాల మాదిగ తేడాలు గుంపు లోపలా ఉంటాయి, వాటిని దాచిపెడితే గుంపు నిలవదు.

ఇది ఏళ్ళ తరబడి సాగాల్సిన పని. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. ఇరవై మూడేళ్ళు. ప్రతి వాయిదా పాత గాయాన్ని రేపుతుంది. భయంలో చూసింది ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది, వరసగా ఉండదు. వకీలు దాన్నే పట్టుకుని అబద్ధమంటాడు. సాక్షి పక్కన వకీలుతో పాటు మనసు తెలిసినవాళ్ళూ ఉండాలనడం ఇందుకే.

మెదడు తీరు వేరైనప్పుడు

మెదళ్ళన్నీ ఒక్క తీరుగా పనిచెయ్యవు. ఆటిజం, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు లోపమున్న మనుషులు కారు, వేరే తీరు మనుషులు అనే ఆలోచన 1990ల చివర 'న్యూరోడైవర్సిటీ' అన్న పేరుతో బయటికొచ్చింది. ఆ దారిలో నడిచే థెరపీ మనిషిని 'మామూలు' చెయ్యాలని చూడదు. వెలుతురు, చప్పుడు, మాట్లాడే పద్ధతి, కూర్చునే తీరు ఆ మనిషికి అనువుగా మారుస్తుంది.

మన వాడల్లో ఇది ఎందుకు కనపడదు? అక్షరాలు చదవడం కష్టమయ్యే పిల్లవాడు ఉన్నింటి పిల్లవాడైతే డాక్టరు దగ్గరికి పోతాడు, సర్టిఫికెట్ తెస్తాడు, పరీక్షలో అదనపు సమయం దొరుకుతుంది. అదే పిల్లవాడు గూడెంలో పుడితే 'వీళ్ళకు చదువెక్కదు' అంటారు. కులమే అతని రోగ నిర్ధారణ. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఆటిజాన్నీ, నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులనూ చేర్చింది. ఆ హక్కు మన పిల్లలకూ ఉంది.

ఇంకొక చిక్కు ఉంది. భయంలో పెరిగిన పిల్లవాడూ క్లాసులో దిక్కులు చూస్తాడు, మెదడు తీరు వేరైన పిల్లవాడూ చూస్తాడు. ఒకడికి భద్రత కావాలి, ఇంకొకడికి వేరే బోధన కావాలి, కొందరికి రెండూ కావాలి. టీచర్లు బెత్తం తీసే ముందు ఈ తేడా ఆలోచించాలి.

దంపతులతో

కులాంతర పెళ్ళి చేసుకున్న జంటలకు ఇంటి బయట కత్తి ఉంటుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. ఇంటి లోపల ఇంకో రకం నొప్పి ఉంటుంది. 'మా అమ్మ ఆ మాట ఊరికే అన్నది, నువ్వే పెద్దది చేస్తున్నావు' అంటాడు మొగుడు. ఇద్దరినీ సర్దుకోమనే కౌన్సెలర్ కులం పక్షాన నిలబడ్డట్టే. ఎరుక ఉన్న కౌన్సెలర్ ఆ మాటలో కులం ఉందని ముందు ఒప్పుకుంటుంది, తర్వాతే మిగతా సంగతి. చెయ్యి చేసుకునే ఇంట్లో మాత్రం ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకూడదు. ముందు ఆమె భద్రత చూడాలి.

చట్టం ఏమంటోంది, మనమేం చెయ్యాలి

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులం పేరుతో వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా చెప్పింది. అత్యాచారాల నిరోధక చట్టంలో తర్వాత చేర్చిన 15ఏ సెక్షన్ బాధితులకు సామాజిక, ఆర్థిక పునరావాసం ఇవ్వాలంటోంది. మనసు బాగుపడకుండా పునరావాసం ఏమిటని కలెక్టరును అడగాలి. 2022 నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి సంక్షేమ హాస్టల్ గోడ మీదా ఉండాలి. నిజనిర్ధారణకు పోయే బృందాలు ముందే మాట్లాడుకుని, ఒకే కథను పదిసార్లు చెప్పించడం మానాలి.

ఫ్రాంజ్ ఫనాన్ 1956లో అల్జీరియాలోని బ్లిదా ఆసుపత్రి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. సొంత గడ్డ మీదే మనిషిని పరాయివాణ్ణి చేసే పాలనలో మనసుకు మందు వెయ్యడం కుదరదన్నది ఆయన మాట. మనం దానికి ఇంకొక మాట కలుపుతాం. న్యాయం లేకుండా ఈ గాయం పూర్తిగా మానదు. కానీ గాయానికి కట్టు కట్టకుండా న్యాయం దాకా నడవమనడం మనవాళ్ళకు మనమే చేసే అన్యాయం.