చాటలోని పనులు

ధాన్యము కొట్టునకు వచ్చినంతనే యన్నము కాదు. దంపవలెను, చెరుగవలెను, రాళ్ళేరవలెను. గింజ యొకవైపు, నూక యొకవైపు, పొట్టు వేఱొకవైపు చేరినగాని యెసటిలో బోయుటకు వీలుపడదు. ఈ చెరుగుట మన కందఱకును దెలిసిన విద్యయే. ఇప్పుడు మన యిండ్లలో జేరిన కంప్యూటరునకును, చేతిఫోనునకును సంబంధించిన పనులనుగూడ వారమున కొకసారి యట్లే చెరుగవలయునని నేను మిక్కిలి యాలస్యముగా గ్రహించితిని. ఆ యాలస్యమునకు దగిన మూల్యము చెల్లించితిని. నాకు గలిగిన నష్టము మీకు గలుగకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అంగడినుండి తెచ్చిన కంప్యూటరు అద్దెయిల్లు వంటిది. గోడలు, కప్పు, తలుపులు ఉండును గాని మన కొక్కెములు, మన గూళ్ళు, మన దండెములు అందుండవు. వానిని మనమే యమర్చుకొనవలెను. అక్షరము లెంత పెద్దవిగా గనబడవలెను, తెలుగు టైపుచేయుటకు ఏ కీబోర్డు వాడవలెను, నకళ్ళెక్కడ దాచవలెను, పాస్‌వర్డు లెట్లు భద్రపఱచవలెను, పిల్లలకు ఏ గంటవఱకు తెర తెఱచి యుంచవలెను అనున వన్నియు అమరికలే. ఇందు గొన్నిటికి నైదు నిమిషములు చాలును. కొన్ని యొక పూట నంతయు మ్రింగును. ఏది యేదియో ముందుగా దెలియదు. కావున "తరువాత చూచుకొందము" అని మన మొక చీటిలో వ్రాసి యుంచుదుము. చీటి పెరుగుచుండును, తరువాత యనునది మాత్రము రాదు.

మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు ఇంటనే సిద్ధపఱచుకొందురు. నేను మా నాయనగారి యొద్ద భారత భాగవతములు చదివికొన్న దానను. కంప్యూటరు విద్య నాకెవరును నేర్పలేదు. ఐనను పగలెల్ల నింట నుండుదానను గావున దాని యోగక్షేమములు చూచుభారము నాపై బడినది. మా యిద్దఱి కోరికలును, పిల్లల కోరికలును గలిసి యా చీటిలో 63 పనులు చేరెను.

మా అమ్మ పాటల గని. రెండు చలికాలములు ఆమె పాడుచుండగా నేను ప్రక్కన గూర్చుండి 41 పాటలు టైపుచేసితిని. అందు దంపుడు పాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు, అప్పగింతల పాటలు నుండెను. పుస్తకములలో నెక్కడను నేను చూడని పాటలు వానిలో ననేకము. మా చీటిలో తొమ్మిదవ పంక్తి యిట్లుండెను: "అమ్మ పాటలకు నకలు తీయవలెను." దానిపై పంక్తి, "తెరమీది బొమ్మ మార్చవలెను." దాని క్రింది పంక్తి, "టైపుచేయు పుటకు లేత పసుపురంగు వేయవలెను."

2023 కార్తికమాసమున నొక శనివారము పట్టుదలతో గూర్చుండి పదునొకండు పనులు ముగించి, నా సామర్థ్యమునకు నేనే మురిసిపోతిని. బొమ్మ మాఱెను. పుట పసుపుపచ్చనయ్యెను. తొమ్మిదవ పంక్తి మాత్ర మట్లే మిగిలెను. ఏలయన దానికై వెలుపల నుంచు డిస్కు నొకదానిని గొనవలెను. ఒక గంట యోపికతో గూర్చుండవలెను. తరువాతి బుధవారము నాడు మీట నొక్కగా కంప్యూటరు టిక్కుటిక్కుమని చప్పుడు చేసి యూరకుండెను. హార్డ్‌డిస్కు చెడినదనియు, అందలి విషయములు తిరిగి రాబట్టుట సాధ్యము కాదనియు మరమ్మతు చేయువారు చెప్పిరి.

ఫోనులో 14 పాటల గొంతు మిగిలి యుండెను. పుట్టింటికి పరుగెత్తి పోయి యమ్మచేత మరల బాడించితిని. పండ్రెండు పాటలు వచ్చినవి. తక్కిన పదునైదింటికి ఆమె నోరు తెఱచి, మొదటి చరణము పాడి, నావైపు చూచి "తరువాతి చరణ మేమే, తల్లీ?" అని నన్నే యడిగినది. రెండేండ్లలో నామెకు మఱపు వచ్చినది. నాకును జ్ఞప్తికి రాలేదు. వ్రాసి యుంచితినిగదా యను ధైర్యముతో నేను మనసున నుంచుకొనలేదు.

ఇది తెలియనితనమువలన గలిగిన నష్టము కాదు. చేయవలసిన పని నాకు దెలియును. నా చేతితోనే వ్రాసి యుంటిని. కాని పనులను వ్రాసిన వరుసలోనో, సులువైన వరుసలోనో చేసితిని. నష్టపు వరుసలో జేయనైతిని. లోప మంతయు నందే కలదు.

పనుల నిట్లు వేఱుపఱచుటకు ఫ్రెంచివారు "ట్రియాజ్" అను మాట వాడిరి. ఏరుట, వేఱుచేయుట యని దాని యర్థము. నెపోలియను సేనలలో శస్త్రవైద్యుడుగా నుండిన డొమినిక్ జాన్ లారే (1766–1842) గాయపడినవారి పదవిని జూడక, గాయముల తీవ్రతను జూచి చికిత్స చేయవలయునని నియమము పెట్టెను. సేనాని చేతి గీత కంటె సామాన్యభటుని ప్రాణాపాయము ముందని దాని భావము. సాఫ్ట్‌వేరు నిర్మించువారు ఈ మాటను దమ పనికి దెచ్చుకొనిరి. వాడుకరులు తెలియజేసిన లోపములను ముందుపెట్టుకొని, ఏది యిప్పుడు సరిచేయవలెను, ఏది తరువాత, ఏది యసలే యక్కఱలేదు అని వారు నియమముగా విభజించుకొందురు. డేవిడ్ ఆలెన్ అను నమెరికా రచయిత 2001లో వెలువరించిన "గెటింగ్ థింగ్స్ డన్" అను గ్రంథమున, పనుల చీటి నంతటిని వారమున కొకసారి తిరిగి చూచుకొనవలెనని చెప్పెను.

ఈ వివేకము మనకు గ్రొత్త కాదు. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు జెప్పిన మూడు చేపల కథ మీ రెఱుగనిది కాదు. చెఱువు నీరు తగ్గనున్నదని తెలిసి దీర్ఘదర్శి ముందుగనే వేఱొక మడుగునకు బోయెను. ప్రాప్తకాలజ్ఞుడు జాలరులు వచ్చిన పిమ్మట, చేపలను గ్రుచ్చిన త్రాటిని నోట గఱచుకొని తానును గ్రుచ్చబడినట్లు నటించి, కడుగుటకై నీటిలో ముంచినపుడు జాఱిపోయెను. దీర్ఘసూత్రుడు చిక్కి చచ్చెను. మనలో పెక్కుమంది తాము ప్రాప్తకాలజ్ఞులమని తలతురు. వేళ వచ్చినపుడు తెలివితో దప్పించుకొందమని నమ్ముదురు. డిస్కు చెడిననాడు ఆ తెలివి పనికిరాదు. అక్కడ గఱచుకొనుటకు త్రాడుండదు. నేను ప్రాప్తకాలజ్ఞురాలనని యనుకొని దీర్ఘసూత్రునిదారి బట్టితిని.

ఇప్పుడు నే నవలంబించు పద్ధతి యిది. ఆదివారము భోజనములైన పిమ్మట గడియారము చూచుకొని అరగంట కూర్చుందును. మొదటి పది నిమిషములు చెరుగుటయే గాని యే పనియు జేయను. చెరుగుచు వండరాదు. ఒక పని కనబడగానే "ఇది చిటికెలో నగును" అని దానిలో జొచ్చితిమా, అరగంటయు నందే గడచిపోవును; చాటలోని తక్కిన గింజలు చూడబడవు.

ఒక్కొక్క పనిని మూడు ప్రశ్నలడుగుదును. దీనిని జేయకున్న గలుగు నష్టము తిరిగి పూడ్చుకొనదగినదా, కాదా? దీనికి దాటరాని గడువేమైన నున్నదా? దీనివలన నిబ్బంది పడుచున్న వారెవరు? పూడ్చరాని నష్టము కలవియు, గడువు దగ్గఱపడినవియు గింజలు. వానిని వారమునకు మూడింటికి మించనీయను. మూడు నిజముగా ముగియును, పదునొకండు ముగిసినట్లు కనబడును. ఆగదగినవి నూకలు. వానికి మరల జూడవలసిన తేదీ వేసి ప్రక్క నుంచుదును. ఎనిమిది వారము లూరక పడియుండి, ఎవరికిని నష్టము గాని యిబ్బంది గాని కలిగింపనివి పొట్టు, కొట్టివేయుదును.

2025 సెప్టెంబరులో నొక ఆదివారము చాటలో బడినవానిని చెప్పెదను. విండోస్ 10కి ఉచితముగా వచ్చు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోవునని మైక్రోసాఫ్టువారు ముందే ప్రకటించి యుండిరి. మా పాత యంత్రము విండోస్ 11కు దగినది కాదు. ఇది గడువున్న గింజ. ముందుగా నకళ్ళు తీసికొని, తరువాతి రెండు వారములలో దానిపై లినక్సు నమర్చుకొంటిమి. బ్యాంకు ఉత్తరములు వచ్చు ఈమెయిలునకు రెండంచెల తాళము వేయుట రెండవ గింజ. "సాఫ్ట్‌వేరు" అను మాటలో ట్‌ క్రింద వకారము వత్తుగా జాఱిపోకుండ నడుమ గంటికి గనబడని గుఱుతు నొకదానిని పెట్టవలెను. యూనికోడులో దానికి 200సీ అను సంఖ్య కలదు. ఆ గుఱుతు నొక మీటకు గట్టుట నూక. అచ్చుయంత్రము కాగితమునకు రెండువైపుల ముద్రించునట్లు చేయుటయు నూకయే. తెరమీద తిథి నక్షత్రములు కనబడవలెనని మావారి కోరిక. గోడకు బంచాంగపు క్యాలెండరు వ్రేలాడుచుండగా ఇది పొట్టని కొట్టివేసితిని. వారు రెండు దినములు ముభావముగా నుండి, మూడవనాడు క్యాలెండరు చూచి యేకాదశి చెప్పిరి.

పద్ధతి కుదిరినదని గర్వించుచుండగా నాకు రెండవ పాఠము గలిగినది. మా అత్తగారు తమ ఫోనులో నక్షరములు పెద్దవి చేసిపెట్టుమని యడిగి యుండిరి. నష్టమేమియు లేదుగదా యని నేను దానిని మూడు వారములు నూకలలోనే యుంచితిని. ఒకనాటి మధ్యాహ్నము ఆమె ఫోను ప్రక్కన బెట్టి యూరక గోడవైపు చూచుచు గూర్చుండిరి. "అత్తయ్యగారూ, భాగవతము చదువుట లేదేమి?" అని యడుగగా, "కన్ను ఆనుట లేదమ్మా. నీవు పనులలో నున్నావు గదా యని మరల నడుగలేదు" అనిరి. ఆ పనికి బట్టినది రెండు నిమిషములు. మూడు వారముల యామె పగళ్ళు నేను చెఱచితిని. మూడవ ప్రశ్న నానాటినుండి చేరినదే. యంత్రమునకు గల్గు నష్టము మాత్రమే చూచి మనిషి నోరు మెదపక పడు నిబ్బందిని జూడనిచో, ఆ చెరుగుటలో గింజయే పొట్టుతో నెగిరిపోవును. కావున బెద్దలు, పిల్లలు ఒకసారి యడిగిన చిన్నపని నిప్పు డావారమే చేయుదును.

మఱి రెండు నియమములు. అమరిక నొకదానిని మార్చిన దినమున రెండవదానిని మార్చను. ఆవకాయలో ఆవపిండియు, నూనెయు, ఉప్పును ఒకేమాఱు మార్చినచో, రుచి చెడుటకు గారణమేదియో యెవరు చెప్పగలరు? మార్చినదానిని, మార్చిన కారణమును, తేదీని చీటిలో నొక పంక్తి వ్రాసి యుంతును; చెడినయెడల వెనుకకు దిప్పుకొనుటకు దారి యుండును. ఇక నకళ్ళకు నిపుణులు చెప్పు లెక్క మూడు, రెండు, ఒకటి. ప్రతులు మూడుండవలెను, అవి రెండు విధములైన సాధనములలో నుండవలెను, అందొకటి యింటి వెలుపల నుండవలెను. అమ్మ పాటలు 26 ఇప్పుడు కంప్యూటరులో నొకటి, బీరువాలోని డిస్కులో నొకటి, పొరుగూర మా తమ్మునియింట పెన్‌డ్రైవులో నొకటిగా నున్నవి.

నకలున్నదనుకొనుట వేఱు, అది తెఱచుకొనుట వేఱు. అందుచేత ప్రతి యాదివారమును జెరుగుటకు ముందు డిస్కునుండి యొక పాటను దెఱచి చూతును. తెఱచుకొన్న పాటను దిగువగొంతుతో బాడుకొని పని మొదలుపెట్టుదును. ఇట్లు మూడు నాలుగు నాకు గంఠస్థములైనవి. మా చీటిలో నిప్పుడు 17 పనులున్నవి. అవి సున్న యగునను నాశ నాకు లేదు. ఇల్లున్నంతకాలము చాట నిండుచునే యుండును.

సోదరీమణులారా! మీ యింటను ఇట్టి చీటి యొకటి యుండియే తీరును. కాగితముపై గాకున్న మనసునందైన నుండును. రానున్న యాదివారము దానిని బయటకు దీసి, క్రిందినుండి పైకి నొకసారి చదువుడు. తొమ్మిదవ పంక్తిలో నేమున్నదో చూడుడు.