వార్తల్లో పదం: బీఎస్-6

విశాఖ పోర్టు, ఉక్కు కర్మాగారం సరుకు తోలడానికి సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొంటున్నారా? ధరకన్నా ముందు ఆర్సీలో బీఎస్ ఎంతో చూడండి. బీఎస్ అంటే భారత్ స్టేజ్, కేంద్రం పెట్టిన పొగ ప్రమాణం. ఆరో దశ 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. భారీ ఇంజిన్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ గంటకు 3.5 గ్రాముల నుంచి దాదాపు 0.4కు దిగింది. నీలం మూత ట్యాంకులో పోసే యూరియా ద్రావణం ఆ పని కోసమే. ఖర్చు మిగులుతుందని ఆ వ్యవస్థను పనిచేయకుండా చేసిన బండి ఎంత చవకైనా వద్దు. ఆ విషం పీల్చేది గాజువాక జనమే.

కాగితాలొక్కటే చాలవు. బీఎస్-3 లారీలను బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించారన్న అభియోగంపై 2020లో అనంతపురం జిల్లాలో కేసులు నడిచాయి. ఛాసిస్‌పై కొట్టిన నంబరును, తయారీ నెలను ఆర్సీతో సరిపోల్చాకే బయానా ఇవ్వండి.