కత్తెర వేసే ముందు

పాత ఎల్పీ రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించాలనుకోగానే మనసు పాటల మీదకే పోతుంది. పాటకో ఫైలు, ఫైలుకో పేరు కావాలనిపిస్తుంది. కోరికలో తప్పులేదు గానీ పని అక్కడ మొదలుపెట్టకూడదు. ముందు రికార్డు ఒక పక్క మొత్తాన్ని, 20-25 నిమిషాలను, మధ్యలో ఆపకుండా ఒకే ఫైలుగా పట్టి, దాని జోలికి పోకుండా దాచాలి. పాటలుగా కోయడమైనా, చిటపటలు తుడవడమైనా దాని నకలు మీదే జరగాలి. ముల్లు నడిచిన ప్రతిసారీ గాడి ఎంతో కొంత అరుగుతుంది కాబట్టి, ఒక్కసారి పట్టినా బాగా పట్టాలి. గాడిని చెక్కేటప్పుడే మంద్ర ధ్వనులను తగ్గించి, సన్నని ధ్వనులను పెంచుతారు. దీనికి 1954లో ఆర్‌ఐఏఏ ప్రమాణం వచ్చింది. వినేటప్పుడు ఆ తేడాను సరిచేసేది ఫోనో ప్రీయాంప్. అది లేకుండా ప్లేయర్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపితే పాట పీలగా వినిపిస్తుంది. పట్టేటప్పుడు ధ్వని మీటరు గరిష్ఠ గీతను తాకనివ్వకూడదు. అక్కడ తెగిపోయిన గొంతును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ యథాతథంగా తిరిగి తేలేదు.

నిశ్శబ్దం వచ్చిన చోటల్లా తానే కోసే సాఫ్ట్‌వేరు ఉండగా ఇంత జాగ్రత్త దేనికని అడగవచ్చు. అయితే రికార్డులో అసలైన నిశ్శబ్దం ఉండదు. పాటకూ పాటకూ మధ్య ఖాళీ గాడిలోనూ ముల్లు రాపిడి వినిపిస్తూనే ఉంటుంది. ఆ రాపిడిని నిశ్శబ్దంగా లెక్కించమని యంత్రానికి చెబితే, గాయకుడు గొంతు తగ్గించిన చోటునూ అది అలాగే లెక్కిస్తుంది. సినిమా పాటల రికార్డుకు ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది. కచేరీ రికార్డులో ఆలాపన ముగిసి కృతి ఎత్తుకునే ముందు విరామం ఉంటుంది, అక్కడ కోస్తే రెండూ అనాథలవుతాయి. ఘంటసాల భగవద్గీతలో శ్లోకం పాడాక తాత్పర్యం చెబుతారు. ఆ మధ్య విరామంలో కత్తెర పడితే అర్థం ఒక ఫైల్లో, శ్లోకం మరో ఫైల్లో మిగులుతాయి. ఏది ఎక్కడ ముగిసిందో చెప్పాల్సింది వినేవాడి చెవే. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో విని గుర్తులు పెట్టుకుంటే, అన్ని ముక్కలూ ఒకేసారి విడి ఫైళ్లుగా వస్తాయి. చిటపటలు తుడిచే సాధనాలకూ ఇదే పరిమితి ఉంది. మృదంగం మీద పడిన పదునైన దెబ్బను కూడా అవి రికార్డు మీది గీత శబ్దమని పొరబడగలవు. పక్క మొత్తం చెక్కుచెదరకుండా ఉంటే ఈ తప్పులన్నీ దిద్దుకోవచ్చు.

చోటు చాలదన్న అభ్యంతరం ఇప్పుడు బలహీనం. సెకనుకు 96,000 నమూనాలు, 24 బిట్లతో పట్టినా నిమిషానికి దాదాపు 35 ఎంబీ, 45 నిమిషాల ఎల్పీకి ఒకటిన్నర జీబీ అవుతుంది. ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మారిస్తే నాణ్యత పోకుండానే ఇంకా తగ్గుతుంది. ఎంపీ3 ఫోన్లో వినడానికి చాలు. దాచడానికి మాత్రం పనికిరాదు, అందులో వదిలేసిన ధ్వని తిరిగి రాదు. పాటలన్నీ ఇంటర్నెట్లో దొరుకుతున్నాయిగా అనేవారి మాట సినిమా పాటల విషయంలో చాలావరకు నిజమే. నాటక పద్యాలు, హరికథల రికార్డులన్నిటికీ ఆ భాగ్యం పట్టలేదు.

మీ ఇంట్లో అలాంటివి ఉంటే ముందు దుమ్ము తుడవండి, 78 వేగం రికార్డులైతే వాటికి తగిన లావు ముల్లు వాడండి. లేబులు మీది నంబరునూ అట్టనూ ఫొటో తీసి ఫైలుతోపాటు ఉంచండి. పని అయిందని రికార్డును మాత్రం పాత సామాన్ల బండికి వేయకండి.